మైకు మన చేతికి వచ్చినప్పుడు

(మన్యం నుంచి వచ్చి విశాఖలో చదువుకుంటున్న విద్యార్థులకు గోపాలపట్నంలో జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాను. మరీ సాగిన చోట మాత్రం కుదించాను.)



వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి. ముందు మూడు వరసలు ఖాళీగానే ఉన్నాయి కదా. మనం ఎక్కడికెళ్లినా ఇంతే. ముందు కుర్చీలు ఇంకెవరికో అనుకుంటాం. ఎవరూ వెళ్లమనకుండానే మనంతట మనమే గోడ దగ్గరకి వెళ్లిపోతాం. రండి, కూర్చోండి. నేను చెప్పబోయేది కూడా దాదాపు దీని గురించే.

నాకిచ్చిన అంశం "పెద్ద సభలో ధైర్యంగా మాట్లాడటం". యూట్యూబ్‌లో వెతికితే ఈ పేరుతో ఎన్ని వీడియోలు వస్తాయో లెక్కలేదు. అద్దం ముందు నిలబడి మాట్లాడమంటారు, చేతులు ఇలా తిప్పమంటారు, నవ్వు మొహం పెట్టమంటారు. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకి పనికొస్తాయేమో, నేను కాదనను. మన అవసరం వేరు. మనకి మైకు దొరికేది గ్రామసభలో, ప్రజాభిప్రాయ సేకరణలో, ఐటీడీఏ ఆఫీసు ముందు ధర్నాలో. అక్కడ మాట రాకపోతే పోయేది మార్కులు కాదు. గెడ్డ పోతుంది, పోడు పోతుంది, కొండ పోతుంది. మీరందరూ చదువుకున్నవాళ్లు. రేపు ఊరికెళ్తే "మా పిల్లోడు వైజాగులో చదివాడు, ఆడు మాట్లాడతాడు" అంటారు. అంచేత ఇది మనకి హాబీ కాదు, పని.

ముందు ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

మనవాళ్లకి మాట్లాడటం రాదు అంటారు. నేను నమ్మను. మన ఊళ్లో కూర్చునే పంచాయితీ గుర్తు తెచ్చుకోండి. చింతచెట్టు కింద గుండ్రంగా కూర్చుంటారు. ఇటుకల పండగ ఎప్పుడు పెట్టుకోవాలి, గెడ్డ నీళ్లు ముందు ఎవరి మడికి పారాలి, ఎవరి గొడ్డు ఎవరి చేలో పడింది, అన్నీ అక్కడే తేలాలి. నాయుడు ఒక మాటంటే ఒక ముసలమ్మ లేచి కాదంటుంది. ఆమెకి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమె ఆలోచించదు. గంటసేపు మాట్లాడుతుంది, మధ్యలో ఎవడైనా అడ్డొస్తే వాడి తాతల కాలం నాటి సంగతి కూడా తీస్తుంది.

అదే ముసలమ్మని మండల కేంద్రంలో షామియానా కింద కూర్చోబెట్టండి. నోరు మెదపదు. నెల రోజుల్లో ఆమె మారిపోయిందా? ఆమె మారలేదు, సభ మారింది. స్టేజీ నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. దాని మీద సోఫాలు, నీళ్ల సీసాలు, పూల బొకేలు. కింద కర్రలు కట్టి దారులు చేస్తారు. రెండు పక్కలా పోలీసులు. మైకు ఇంకొకరి చేతిలో ఉంటుంది, వాళ్లు పట్టుకుంటే మనం వంగి మాట్లాడాలి. ప్రాజెక్టు పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో చెప్పినా "పర్యావరణ ప్రభావ మదింపు నివేదిక" అని ఉంటుంది. ఆ మాట ఇక్కడ కూర్చున్న డిగ్రీవాళ్లలో ఎంతమందికి అర్థమైందో చేతులెత్తండి చూద్దాం. సరే, దించండి.

కాళ్లు వణికేది అందుకు. భయంలో సగం మనలో పుట్టింది కాదు, ఆ ఏర్పాటు పుట్టించింది. స్టేజీ ఎత్తు చూసి మనం తగ్గిపోతాం. ఆ ఏర్పాటు ఎలా కట్టారో తెలిస్తే సగం వణుకు అక్కడే ఆగుతుంది. మిగతా సగానికి పద్ధతులున్నాయి, వస్తాను.

ఇంకో సంగతి. మనల్ని స్టేజీ ఎక్కించరని కాదు. ఎక్కిస్తారు. ఏటా ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం చేస్తారు. 1994లో ఐక్యరాజ్యసమితి ఆ రోజుని ప్రకటించింది. ఆ రోజు సభల్లో మన అమ్మలు, అక్కలు ధింసా ఆడతారు. వేలమంది ముందు, కెమెరాల ముందు ఆడతారు. ఒక్కరికైనా కాళ్లు వణుకుతాయా? వణకవు. ఎందుకంటే పక్కనున్న ఆమె చెయ్యి నడుం వెనక పట్టుకుని ఉంటుంది. అడుగు తప్పినా వరస లాక్కుపోతుంది. ఆట అయిపోయాక వాళ్లని కింద కూర్చోబెట్టి, మైకు వేరేవాళ్లకిస్తారు. మన గురించి వాళ్లు మాట్లాడతారు. నాకు కోపం వచ్చేది అక్కడే. ధింసా ఆడే ధైర్యం ఉన్న మనిషికి మాట్లాడే ధైర్యం లేదని ఎవరు తేల్చారు?

ధింసా నుంచి ఒకటి తీసుకోండి. పక్కన చెయ్యి ఉంటే వణుకు రాదు. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు ఒక పెద్దాయన గురించి చెప్పాలి. జైపాల్ సింగ్ ముండా. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి ఎంత ఉందో మీకు తెలుసు. ఇప్పటి జార్ఖండ్‌లోని ముండా ఊళ్లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి వెళ్లిన భారత హాకీ జట్టుకి కెప్టెన్. 1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో లేచి మాట్లాడాడు. ఆ సభ ఎలాంటిదో ఊహించుకోండి. ఢిల్లీ, పెద్ద హాలు, దేశంలో పేరున్న వకీళ్లు, జమీందార్లు, పండితులు. నెహ్రూ పెట్టిన లక్ష్యాల తీర్మానం మీద చర్చ నడుస్తోంది. ఆ సభలో ఆదివాసీల తరఫున మాట్లాడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

ఆయన ఏం చేశాడంటే, బయట మనల్ని తిట్టడానికి వాడే మాటని తనే ముందు వాడేశాడు. నన్ను జంగ్లీ అంటారు, అలా పిలిపించుకోవడం నాకు గర్వమే అన్నాడు. ఇక ఎదుటివాళ్ల దగ్గర ఏం మిగిలింది? ఆ తర్వాత అసలు మాటకొచ్చాడు. ఆదివాసీలకి ప్రజాస్వామ్యం మీరు నేర్పక్కర్లేదు, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోవాలి అన్నాడు. వేల ఏళ్లుగా మమ్మల్ని దోచారు, తరిమారు, అయినా కొత్తగా మొదలుపెడదామంటున్న మీ మాటని నమ్ముతున్నాం అని చెప్పాడు. ఈ సభలో మగవాళ్లు మరీ ఎక్కువైపోయారు, ఆడవాళ్లు ఇంకా కావాలి అని కూడా అదే ప్రసంగంలో అన్నాడు. 1946లో! మన సంఘాల మీటింగుల్లో ఇప్పటికీ ఆ మాట అనడానికి కొందరు అన్నలకి నోరు రాదు. సారీ అన్నా, మీ గురించి కాదు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఇది. "నేనెవరు" అన్నది దాచి మాట్లాడితే గొంతులో సగం బలం దాచడానికే పోతుంది. కాలేజీలో మనం ఏం చేస్తాం? "మీదే ఊరు" అంటే "వైజాగ్ దగ్గర" అంటాం. ఎంత దగ్గర? ఘాట్ రోడ్డు ఎక్కి దిగేంత దగ్గర! మైకు తీసుకోగానే మొదటి వాక్యంలో చెప్పెయ్యండి. పేరు, ఊరు, పంచాయతీ, మండలం, ఏ తెగ. మీరు చెప్పేస్తే ఇక వాళ్లు కనిపెట్టడానికి ఏమీ ఉండదు.

భాష సంగతి. ఇది ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే మనలో ఎక్కువమంది నోరు మూతపడేది ఇక్కడే.

డిగ్రీ మొదటి ఏడాదిలో ఒక కాలేజీ సెమినార్‌లో నేను లేచి మాట్లాడాను. కాలేజీ పేరెందుకు. విషయం బాగానే చెప్పాను. కానీ నా తెలుగు యాస విని రెండో వరసలో నవ్వు మొదలైంది, తర్వాత హాలంతా పాకింది. లెక్చరర్ కూడా నవ్వారు. నేను ఆగలేదు, మొత్తం చెప్పి కూర్చున్నాను. కూర్చున్నాక చెమట పట్టింది, అది వేరే సంగతి. మీలో చాలామందికి ఇలాంటిది జరిగే ఉంటుంది. తలలూపుతున్నారు కాబట్టి అడగను.

మన ఇళ్లలో తెలుగు మొదటి భాష కాదు. కొందరిది కువి, కొందరిది ఆదివాసీ ఒడియా, కొందరిది గదబ, కొందరిది సవర, కోయ. బడిలో చేరాకే తెలుగు నేర్చుకున్నాం. రెండో భాషలో డిగ్రీ పాసైనవాడిని ఒక్క భాషే వచ్చినవాడు చూసి నవ్వుతున్నాడు. ఎవరు ఎవరిని చూసి నవ్వాలి?

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారు కదా. అది గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. పుస్తకాల్లోనూ బడుల్లోనూ జనం మాట్లాడే తెలుగే ఉండాలని పోరాడిన మనిషి. ఆయన పర్లాకిమిడిలో టీచరుగా ఉన్నప్పుడు సవర నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం బడులు పెట్టారు, వాళ్ల భాషలో పుస్తకాలు రాశారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు. అంటే ఇవాళ ఈ రాష్ట్రంలో తెలుగు పండగ ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ మనిషి మన భాష ముందు విద్యార్థిగా కూర్చున్నాడు. ఈసారి ఎవరైనా యాస చూసి నవ్వితే ఈ సంగతి గుర్తు చెయ్యండి. మర్యాదగానే చెయ్యండి.

సభలో ఏ భాషలో మాట్లాడాలి? నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఏ భాషలో మీకు కోపం వస్తుందో, ఏ భాషలో మీ అమ్మతో పోట్లాడతారో, ఆ భాషలో మొదలుపెట్టండి. తర్వాత తెలుగులో చెప్పండి, లేదా పక్కనున్నవాళ్ల చేత చెప్పించండి. "తెలుగులో మాట్లాడమ్మా, టైం లేదు" అని స్టేజీ మీద నుంచి ఎవరో ఒకరు అంటారు. అన్నప్పుడు ఆగకండి.

ఇది పనిచేస్తుందా అని అడగొచ్చు. పనిచేసిన చోటు దగ్గర్లోనే ఉంది. విశాఖలో రైలెక్కితే విజయనగరం, పార్వతీపురం దాటాక రాయగడ. అక్కడి నియమగిరి కొండ మీద డోంగ్రియా కోందులు ఉంటారు. వాళ్లు మాట్లాడేది కూడా కువే. ఆ కొండ మీద బాక్సైట్ ఉంది. లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ రిఫైనరీకి ఆ బాక్సైట్ కావాలి. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు తీర్పు ఇచ్చింది. ఆ కొండ మీద వాళ్ల హక్కుల సంగతి, దేవుడి సంగతి గ్రామసభలే చూడాలి అంది. ఒడిశా ప్రభుత్వం పన్నెండు ఊళ్లని ఎంచింది. కొండ చుట్టూ వందకి పైగా ఊళ్లుంటే పన్నెండే ఏంటని వాళ్లు అడిగారు. అయినా సభలు జరిగాయి. జూలై, ఆగస్టు నెలలు, కొండ మీద వాన. జిల్లా జడ్జి స్థాయి వాళ్లు పరిశీలకులుగా వచ్చి కూర్చున్నారు. పోలీసులున్నారు, టీవీ వాళ్లున్నారు. కొన్ని గూడేల్లో వందమంది ఓటర్లు కూడా లేరు. చూడ్డానికి వచ్చినవాళ్లే ఊరివాళ్ల కంటే ఎక్కువ.

ఆ సభల్లో ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు లేచి తమ భాషలో మాట్లాడారు. నియమరాజు గురించి చెప్పారు, ఆ కొండ నుంచి వచ్చే వాగుల గురించి చెప్పారు, తాము పండించేది చెప్పారు. వాళ్లలో బడి ముఖం చూడనివాళ్లు చాలామంది. పన్నెండు సభలూ వద్దనే అన్నాయి. పన్నెండుకి పన్నెండు. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ ప్రాజెక్టుకి అనుమతి నిరాకరించింది.

ఒక మాట జాగ్రత్తగా వినండి. ఆ ఒక్క నెల మాటలతోనే గెలిచారని నేను చెప్పను. అంతకుముందు ఏళ్ల తరబడి పోరాటం ఉంది, కేసులున్నాయి, జైళ్లున్నాయి. కానీ ఆ రోజు వాళ్లు చెప్పింది కాగితం మీదకి ఎక్కింది. సంతకాలతో, వేలిముద్రలతో ఎక్కింది. అదే తేడా. మన దగ్గర కూడా అనంతగిరి మండలం కొండల్లో మైనింగ్ లీజుల మీద వేసిన కేసులోనే 1997లో సమత తీర్పు వచ్చింది. 2015లో చింతపల్లి, జెర్రెల బాక్సైట్ కోసం జీవో 97 వస్తే మన్యం మొత్తం లేచి మాట్లాడింది, 2019లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇప్పుడు పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులంటున్నారు. అంటే మళ్లీ షామియానాలు వేస్తారు.

సభలో మాట్లాడాల్సింది మన్యం వాళ్లే అనుకోకండి. ఈ పక్కనే ఆర్.ఆర్. వెంకటాపురం. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది చనిపోయారు. అవసరమైన పర్యావరణ అనుమతి లేకుండానే ఆ ఫ్యాక్టరీ నడిచిందని తర్వాత తేలింది. పక్కన ఏముందో అడిగి తెలుసుకునే సభ జరగని చోట జనం ఎలా నిద్రపోతారో ఈ గోపాలపట్నంలో ఇల్లు అద్దెకి తీసుకున్న మనకి వేరే చెప్పక్కర్లేదు.

సరే, షామియానా దగ్గరికి వద్దాం. పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణకి 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్‌లో రూల్స్ ఉన్నాయి. అవి తెలిస్తే గొంతుకి బలం ఎలా వస్తుందో చూడండి.

సభకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పేపర్లలో వెయ్యాలి. ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జెడ్పీలో, పంచాయతీ ఆఫీసులో చూడటానికి పెట్టాలి. సభ ప్రాజెక్టు చోటే గానీ, దానికి బాగా దగ్గర్లో గానీ పెట్టాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తియ్యాలి. అక్కడున్న ప్రతి మనిషికీ ప్రశ్న అడిగే అవకాశం ఇవ్వాలి. ఆఖర్న, జనం ఏమన్నారో రాసిన దాని సారాంశాన్ని సభకి స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఈ చివరిది గుర్తు పెట్టుకోండి. భోజనాల హడావుడిలో దీన్ని ఎగ్గొడతారు. సభ అయిపోయిందని అందరూ లేచిపోయే టైంలో ఎవరో ఒకరు లేచి "రాసింది చదవండి సార్" అనాలి. ఆ ఒక్క వాక్యం అనడానికి గొప్ప వక్త అక్కర్లేదు.

ఇంకోటి. ఈ సభకి కోరం లేదు. పదిమంది వచ్చినా జరిగినట్టే. బహిష్కరించాలా, వెళ్లి మాట్లాడాలా అని ప్రతిసారీ మన దగ్గర వాదన వస్తుంది. అది ఊరు తేల్చుకోవాల్సింది. నేనైతే బయట నినాదం ఇచ్చేవాళ్లు బయట ఉండాలి, లోపల మాట రికార్డు చేయించేవాళ్లు లోపల ఉండాలి అంటాను. ఈ సభ జరిగిందని గ్రామసభ అయిపోయినట్టు కాదు. 1996 పెసా చట్టం వేరు, 2006 అటవీ హక్కుల చట్టం వేరు. అటవీ హక్కుల గ్రామసభకి కోరం ఉంది. సభ్యుల్లో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. కలిపేసి మాట్లాడే అధికారులుంటారు. మీరు కలపకండి.

ఇక మైకు దగ్గర ఏం చెయ్యాలి.

ముందురోజు సాయంత్రం ఆ గ్రౌండ్‌కి వెళ్లి నడవండి. నేను నవ్వులాటకి చెప్పట్లేదు. స్టేజీ కట్టే కుర్రాళ్లతో మాట్లాడండి, మైకు సెట్టు ఎవరిదో కనుక్కోండి. కుదిరితే స్టేజీ ఎక్కి కింద ఊరు ఎలా కనపడుతుందో చూడండి. మర్నాడు అది కొత్త చోటు కాదు.

ఒక్కరే అన్నీ చెప్పకండి. నీళ్ల గురించి ఒకరు, పోడు పట్టాల గురించి ఒకరు, దేవుడి చోటు గురించి ఒకరు, పునరావాసం గురించి ఒకరు. మీ వంతుకి ఒకే విషయం. మూడు నిమిషాలు. దాని లెక్క మీ దగ్గర ఉండాలి. "చాలా నష్టం జరుగుతుంది" అంటే రాసుకునేవాడు "ఆందోళన వ్యక్తం చేశారు" అని ఒక ముక్క రాసి పడేస్తాడు. "మా ఊళ్లో ఇన్ని కుటుంబాలు, ఈ గెడ్డ మీద ఇన్ని ఎకరాల మడి, మీ పుస్తకంలో ఫలానా పేజీలో ఇక్కడ గెడ్డే లేదని రాశారు" అంటే వాడి పెన్ను ఆగుతుంది. పుస్తకంలో పేజీ నంబరు చెప్పినప్పుడు స్టేజీ మీద పేజీలు తిప్పే చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విన్నాక మీకు భయం ఉండదు, నాదీ హామీ.

చెప్పబోయేది కాగితం మీద కూడా రాసి, కాపీ ఇచ్చి, ఇంకో కాపీ మీద సంతకం, తేదీ, స్టాంపు వేయించుకోండి. మైకు లాగేసుకున్నా కాగితం ఉంటుంది. అది జేబులో ఉంటే గొంతు కూడా నిలబడుతుంది.

కాళ్లు వణికితే వణకనివ్వండి. కింద ఎవరికీ కనపడదు. కాగితం వణికితే మాత్రం కనపడుతుంది, అందుకని అట్ట మీద పెట్టుకోండి. మైకు నోటికి బెత్తెడు దూరంలో ఉండాలి, మరీ దగ్గర పెడితే బుస్సుమంటుంది. మొదటి వాక్యం, ఆఖరి వాక్యం బట్టీ పట్టండి, మధ్యది మీకు తెలిసిన సంగతే కదా. మొదటి వాక్యం అయ్యాక ఒక్క ఊపిరి ఆగండి. మనకి ఆ ఆగడం గంటలా అనిపిస్తుంది, వినేవాళ్లకి అసలు తెలీదు. స్టేజీ వైపు ఒకసారి చూడండి, మన ఊరివాళ్ల వైపు మూడుసార్లు చూడండి. చప్పట్లు వస్తే సంతోషమే, కానీ చప్పట్ల కోసం గొంతు పెంచుకుంటూ పోతే మూడు నిమిషాలు అయిపోతాయి, అసలు మాట మిగిలిపోతుంది. మన కుర్రాళ్లలో ఈ జబ్బు బాగా ఉంది. మంచి డైలాగ్ కొట్టి, వీడియో తీయించుకుని, స్టేటస్ పెట్టుకుంటారు. రికార్డులో చూస్తే ఏమీ ఉండదు.

"పాయింటుకి రా బాబూ" అంటారు. "అదే పాయింటు సార్, రాయించండి" అనండి. "నువ్వు ఎక్కడివాడివి, బయటి నుంచి వచ్చావా" అంటారు. ఆధార్ చూపించండి, మీ ఊరు పేరు మళ్లీ చెప్పండి. పోలీసు పక్కకొచ్చి నిలబడితే గొంతు పెంచకండి, ఇంకాస్త నెమ్మదిగా మాట్లాడండి. వీడియోలో మీరు నెమ్మదిగా ఉన్నట్టే పడాలి.

వీడియో అంటే గుర్తొచ్చింది. 2024 నవంబరులో న్యూజిలాండ్ పార్లమెంటులో 22 ఏళ్ల మావోరీ ఎంపీ, హనా రౌహితి మైపీ-క్లార్క్, బిల్లు కాగితం చింపి హాకా మొదలుపెట్టింది. అది మీ అందరి ఫోన్లలో తిరిగింది. మళ్లీ చూడండి, ఈసారి ఆమెని కాదు, చుట్టుపక్కల చూడండి. ఆమె మొదలుపెట్టిన కొద్ది క్షణాల్లో పక్క సీట్లవాళ్లు లేచారు, పైన గ్యాలరీలో కూర్చున్న జనం గొంతు కలిపారు. స్పీకరు సభని కాసేపు ఆపాల్సి వచ్చింది. తర్వాత ఆమెని వారం రోజులు సస్పెండ్ కూడా చేశారు. ఆమెతో పాటు లేచేవాళ్లు ఉన్నారు కాబట్టి అది అలా జరిగింది. ఇందాక ధింసా గురించి చెప్పింది ఇదే. మీరు మైకు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లకండి. పక్కన ఇద్దరు నిలబడాలి. ఒకరి చేతిలో ఫైలు, ఒకరు మైకు మీ నుంచి లాక్కోకుండా చూసేవాళ్లు. మీరు ఆగిపోతే పక్కవాళ్లు మాట అందించాలి.

ఆఖరుగా చెప్పాల్సింది కొంచెం కష్టమైనది. ఇంత నేర్చుకున్నాక మనకి ధైర్యం వస్తుంది. వచ్చాక ఏమవుతుందో నేను చూశాను. చదువుకున్న కుర్రాళ్లు మైకు పట్టుకుని వదలరు. ఊరి పెద్దలు వెనక కూర్చుంటారు. ఇందాకటి ముసలమ్మ మళ్లీ నోరు మెదపదు, ఈసారి మన వల్ల. ఆమెకి ఏ రాయి దగ్గర ఏ దేవత ఉందో, ఏ ఏడాది గెడ్డ ఎండిందో, సర్వేవాళ్లు మొదటిసారి ఎప్పుడొచ్చారో తెలుసు. నాకు సెక్షన్ నంబరు తెలుసు. సాక్ష్యం ఎవరి దగ్గర ఉంది? ఆమె దగ్గర.

అంచేత మన పనిని నేను ఇలా అనుకుంటాను. సభకి వారం ముందు ఆమె ఇంటి దగ్గర కూర్చోవాలి. ఆమె చెప్పేది వినాలి, ఆమె భాషలోనే రాసుకోవాలి. సభలో మైకు ఆమెకి ఇవ్వాలి. మనం పక్కన నిలబడి, ఒక్కో వాక్యం అయ్యాక తెలుగులో చెప్పాలి. కలపకూడదు, తియ్యకూడదు, అందంగా చెయ్యకూడదు. ఆమె తిట్టింది అనుకోండి, తిట్టినట్టే చెప్పాలి. దీనికి మామూలు ప్రసంగం కంటే ఎక్కువ ప్రాక్టీసు కావాలి. ఇద్దరూ కలిసి కనీసం రెండుసార్లు చెప్పి చూసుకోవాలి, ఆమె ఎక్కడ ఆగాలో ఆమెకి అలవాటు కావాలి. ప్రభుత్వం తెచ్చే అనువాదకుడి మీద వదలకండి. కువిలో ఐదు నిమిషాలు మాట్లాడితే తెలుగులో ఒక్క ముక్కలో "అభివృద్ధి కావాలంటున్నారు" అని చెప్పే అనువాదకులు ఉంటారు.

నేను చెప్పాల్సింది అయింది. పన్నెండు దాటింది, భోజనం ఒంటిగంటకి. ఈలోపు పదిమంది మాట్లాడొచ్చు, మనిషికి మూడు నిమిషాలు. మధ్యాహ్నం మిగతావాళ్లు. మీ ఊళ్లో రేపు సభ ఉందనుకోండి. పేరు, ఊరు, మండలం, ఒక్క విషయం, దాని లెక్క. మీ భాషలో మొదలుపెట్టండి, పక్కనున్నవాళ్లు తెలుగులో చెప్తారు. ఇక్కడ స్టేజీ లేదు, నేను కూడా కింద కూర్చుంటాను. నవ్వేవాళ్లు ఎవరైనా ఉంటే తర్వాత వంతు వాళ్లదే.

గోడ దగ్గర నుంచి ముందుకొచ్చిన చెల్లీ, నువ్వే. నీ పక్కనున్న అమ్మాయిని కూడా తీసుకురా. ఇద్దరూ రండి.